యూరోవిజన్‌లో ఐర్లాండ్: ఏడు గెలుపుల తర్వాత ఇంత కరువెందుకు?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పేస్తాను. యూరోవిజన్ పాటల పోటీలో ఐర్లాండ్ ఏడుసార్లు గెలిచింది, అందులో మూడు వరసగా. 1996 తర్వాత మళ్లీ గెలవలేదు. దీనికి కారణం పొరుగు దేశాలు ఒకరికొకరు ఓట్లేసుకోవడమా, ఆతిథ్యం ఖర్చు భరించలేక కావాలనే ఓడిపోయారా, పాటల్లో పస తగ్గిందా, మళ్లీ గెలిచే అవకాశం ఉందా అని అడిగారు.

చాలా ఏళ్లుగా డబ్లిన్‌లో ఉంటున్నాను. మే నెల వచ్చిందంటే ఆఫీసులో ఈ వాదన తప్పదు, మీరు చెప్పిన మూడు కారణాలూ ఏటా వింటూనే ఉంటాను. నా లెక్కలో ఆ మూడూ పక్క కారణాలే. ఐర్లాండ్ గెలిచిన రోజుల్లో పోటీ నియమాలు వాళ్ల పాటకు అచ్చంగా సరిపోయాయి. 1997 నుంచి 1999 లోపు ఆ నియమాలన్నీ మారిపోయాయి, ఐర్లాండ్ మాత్రం పాత పాటే పట్టుకుని కూర్చుంది. ఇంత తేలిగ్గా చెబితే నమ్మబుద్ధి కాదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం పోటీ గురించి రెండు ముక్కలు. 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో మొదలైంది. ఐరోపా ప్రసార సంస్థల కూటమి నడుపుతుంది. అందుకే దేశం తరఫున పాటను పంపేది ప్రభుత్వం కాదు, అక్కడి టీవీ సంస్థ. ఐర్లాండ్‌కి అది ఆర్‌టీఈ. పాట మూడు నిమిషాలు దాటకూడదు. 1975 నుంచి ప్రతి దేశం తనకు నచ్చిన పది పాటలకు 1 నుంచి 8 వరకు, ఆ పైన 10, 12 పాయింట్లు ఇస్తుంది. సొంత పాటకు వేసుకోకూడదు. గెలిచిన దేశమే మామూలుగా మరుసటి ఏడు ఆతిథ్యం ఇస్తుంది.

ఐర్లాండ్ మొదటిసారి వెళ్లింది 1965లో, నేపుల్స్‌కి. బుచ్ మూర్ పాడాడు, ఆరో స్థానం. ఆ రోజుల్లో అక్కడ షోబ్యాండ్‌ల హవా నడుస్తోంది. ఊరూరా డాన్స్ హాళ్లలో రాత్రి తెల్లవార్లూ వాయించే బృందాలు అవి. బుచ్ మూర్, 1966లో వెళ్లిన డికీ రాక్, 1967లో రెండో స్థానం తెచ్చిన షాన్ డన్ఫీ, ముగ్గురూ ఆ బ్యాండ్ల గాయకులే. అంటే ఎదురుగా ఉన్న జనం ముందు పాడి పాడి గొంతు సానపట్టుకున్నవాళ్లు. మొదటి నాలుగేళ్లలో ఆరో స్థానం కన్నా కిందికి దిగలేదంటే దీని పాత్ర చాలానే ఉంది.

మొదటి గెలుపు 1970లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో. అంతకుముందు ఏడాది నాలుగు దేశాలకు సమానంగా పాయింట్లు వచ్చి, నలుగురినీ విజేతలుగా ప్రకటించాల్సి వచ్చింది. ఆ గందరగోళానికి నిరసనగా కొన్ని దేశాలు రాకపోవడంతో 12 దేశాలే మిగిలాయి. ఐర్లాండ్ తరఫున డెర్రీలో పెరిగిన డేనా అనే పద్దెనిమిదేళ్ల స్కూలు అమ్మాయి వచ్చింది. ఎంబ్రాయిడరీ చేసిన పొట్టి తెల్ల గౌనులో స్టూలు మీద కూర్చుని, పూలు, వానచినుకులు లాంటి చిన్న చిన్న విషయాల మీద అల్లిన పాట పాడేసింది. ఆ పాట రాసిన ఇద్దరూ డబ్లిన్‌లో ఒక పత్రిక ప్రెస్సులో అక్షరాలు కూర్చే పనివాళ్లు. అందరూ గెలుస్తుందనుకున్న బ్రిటన్ గాయని మేరీ హాప్కిన్‌కి 26 పాయింట్లు వస్తే డేనాకి 32 వచ్చాయి. నాలుగో స్థానం పంచుకున్న ముగ్గురిలో ఒకడు అప్పటికి బయట ఎవరికీ అంతగా తెలియని స్పెయిన్ కుర్రాడు హూలియో ఇగ్లేసియాస్. ఇంకో సంగతి: డెర్రీ ఉన్నది ఉత్తర ఐర్లాండ్‌లో, అంటే బ్రిటన్ పాలనలో. అక్కడ అల్లర్లు రాజుకుంటున్న రోజుల్లో అక్కడి అమ్మాయి ఐర్లాండ్ తరఫున పాడి బ్రిటన్‌ని ఓడించింది. దీన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకున్నారు.

ఆ తర్వాత పదేళ్లు పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. 1972లో ఒక్కసారి ఐరిష్ భాషలో పాట పంపారు, 15వ స్థానం వచ్చింది. మళ్లీ ఆ భాష జోలికి పోలేదు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, భాష సంగతి దగ్గర పనికొస్తుంది.

1980లో జానీ లోగన్ వచ్చాడు. ఆస్ట్రేలియాలో పుట్టాడు, అసలు పేరు షాన్ షెరార్డ్. పోటీ హేగ్‌లో జరిగింది. పాట రాసింది షే హీలీ. తల్లి పోయాక తండ్రి ఆ లోటును ఎలా మోస్తున్నాడో చూసి రాసిన పాట. శాక్సఫోన్‌తో మొదలవుతుంది, ఎక్కడా అరుపుండదు. 1987లో బ్రస్సెల్స్‌కి అదే మనిషి తనే రాసుకున్న పాటతో వెళ్లి 172 పాయింట్లతో మళ్లీ గెలిచాడు. గాయకుడిగా రెండుసార్లు గెలిచినవాడు 2023లో స్వీడన్ గాయని లోరీన్ వచ్చేదాకా ఇంకెవరూ లేరు. మధ్యలో 1984లో లిండా మార్టిన్ కోసం అతను రాసిన పాట ఎనిమిది పాయింట్ల తేడాతో స్వీడన్ చేతిలో ఓడిపోయింది. ఆ బాకీ 1992లో మాల్మోలో తీరింది. పాడింది అదే లిండా మార్టిన్, రాసింది అదే లోగన్. ఐర్లాండ్ ఏడు గెలుపుల్లో మూడింట్లో ఈ ఒక్కడి చెయ్యి ఉంది. ఇంకో రెండు, అంటే 1994, 1996 పాటలు, బ్రెండన్ గ్రాహమ్ అనే ఒకే రచయితవి. లెక్క చూస్తే ఏడింటిలో ఐదు ఇద్దరి ఖాతాలోకే పోతాయి. దేశమంతా పాటల గని అని మురిసిపోయేవాళ్లు ఈ లెక్కను ఎప్పుడూ పట్టించుకోరు.

1993 గురించి కాస్త ఆగి చెప్పాలి. పోటీని డబ్లిన్‌లో పెట్టకుండా కార్క్ కౌంటీలోని మిల్‌స్ట్రీట్ అనే చిన్న ఊళ్లో పెట్టారు. జనాభా దాదాపు 1,500. అక్కడ గుర్రపు స్వారీ పోటీలు, ప్రదర్శనలు జరిగే గ్రీన్ గ్లెన్స్ అనే పెద్ద షెడ్డు ఉంది. దాని యజమాని నోయెల్ డుగ్గన్ నా హాలు తీసుకోండని ముందుకొచ్చాడు, ఆర్‌టీఈ సరేనంది. 25 దేశాల పాటలు ఆ పల్లెకి తరలివచ్చాయి. యుద్ధంలో నలుగుతున్న బోస్నియా మొదటిసారి పాల్గొన్నది కూడా అక్కడే.

ఆ రాత్రి ఓట్ల లెక్క మాత్రం సినిమా క్లైమాక్స్‌లా నడిచింది. మాల్టా జ్యూరీకి, అంటే ఆ దేశం తరఫున పాయింట్లిచ్చే న్యాయనిర్ణేతలకి, ఫోన్ లైను కలవలేదు. దాన్ని పక్కన పెట్టి మిగతా దేశాలన్నీ అయ్యాక చివర్లో కలిపారు. అప్పటికి నీవ్ కావనా పాటతో ఐర్లాండ్‌ 175 దగ్గర ఉంది, బ్రిటన్ 164. తేడా 11, మాల్టా చేతిలో ఉన్నది 12. బ్రిటన్‌కి ఆ పన్నెండూ పడి ఐర్లాండ్‌కి ఏమీ రాకపోతే కప్పు చేజారేది. మాల్టా ఆ 12ని ఐర్లాండ్‌కే ఇచ్చింది, బ్రిటన్‌కి సున్నా. 187, 164తో ముగిసింది. ఇవాళ్టి ఓట్ల ప్రకటనల్లో ఎంత హంగామా చేసినా ఆ టెన్షన్ రాదు.

1994 డబ్లిన్‌లో, పాయింట్ థియేటర్‌లో. రేవు పక్కన ఒకప్పటి రైల్వే డిపో అది. డబ్లిన్‌లో ఉండే తెలుగువాళ్లు ఇప్పుడు 3అరీనా అని పిలిచే చోటే. పాల్ హారింగ్టన్ పియానో దగ్గర, చార్లీ మెగెటిగన్ గిటార్‌తో స్టూలు మీద. వెనక ఆర్కెస్ట్రా సిద్ధంగా ఉన్నా వాడుకోలేదు. నడివయసు జంట తమ కుర్రతనాన్ని, రాక్ అండ్ రోల్ రోజుల్ని తలచుకునే పాట. 226 పాయింట్లు వచ్చాయి, పోటీ చరిత్రలో 200 దాటిన మొదటి పాట అదే. అయినా ఆ రాత్రి లోకమంతా మాట్లాడుకున్నది గెలిచిన పాట గురించి కాదు. ఓట్లు లెక్కపెట్టే విరామంలో ఏడు నిమిషాలు ఐరిష్ సంప్రదాయ నృత్యం వేశారు. బిల్ వీలన్ సంగీతం, మైకేల్ ఫ్లాట్లీ, జీన్ బట్లర్ ఆట. అదే రివర్‌డాన్స్. మరుసటి ఏడాది పూర్తి నిడివి ప్రదర్శనగా అదే హాల్లో మొదలై ప్రపంచమంతా తిరిగింది. యూరోవిజన్ వల్ల ఐర్లాండ్‌కి దక్కిన అన్నిటికన్నా పెద్ద లాభం ఇదేనని నా అభిప్రాయం. కప్పులన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

1995లో వరసగా మూడోసారి ఆతిథ్యం. అలా మూడేళ్లు వరసగా నిర్వహించిన దేశం మరొకటి లేదు. ఆ ఏడు ఐర్లాండ్ పాటకు 14వ స్థానం. గెలిచింది నార్వే, ఆ బృందంలో వయొలిన్ వాయించింది మాత్రం ఐరిష్ మహిళ ఫినూలా షెరీ. 1996లో ఓస్లోలో ఎమర్ క్విన్ మళ్లీ గెలిచింది. సన్నటి గొంతుతో సెల్టిక్ జానపదపు ఛాయలున్న పాట. 162 పాయింట్లు, రెండో స్థానంలో ఉన్న నార్వేకి 114. ఏడు పాటల్లో ఇప్పటికీ పాతబడనిది ఇదొక్కటే అంటాను. మిగతావాటిలో ఆ కాలపు కీబోర్డు వాసన వస్తుంది. కాదనేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ గెలుపులు ఏ నియమాల కింద వచ్చాయో చూడండి.

మొదటిది భాష. 1977 నుంచి 1998 దాకా ఏ దేశమైనా తన జాతీయ భాషలోనే పాడాలి. ఇంగ్లీషులో పాడే హక్కు ఆచరణలో మూడు దేశాలకే ఉండేది: ఐర్లాండ్, బ్రిటన్, మాల్టా. ఐర్లాండ్‌కి ఐరిష్ భాష ఉన్నా ఇంగ్లీషు కూడా అధికార భాషే కాబట్టి అడ్డులేదు. 1992 ఫలితం చూడండి: ఐర్లాండ్ మొదటి, బ్రిటన్ రెండో, మాల్టా మూడో స్థానం. ఇంగ్లీషు పాడగలిగిన మూడు దేశాలే పైన వరసగా నిలిచాయి. జ్యూరీలో కూర్చున్న గ్రీకు మనిషికో ఫిన్లాండ్ మనిషికో ఫ్రెంచి, తుర్కీ పాటల్లో మాట అర్థం కాదు, ఇంగ్లీషు పాట అర్థమవుతుంది. మాటల బలం మీద నిలబడే నెమ్మది పాటకు ఇంతకన్నా ఏం కావాలి?

ఇక్కడ తొందరపడి భాషే కారణమని తేల్చేయకండి. అదే కాలంలో బ్రిటన్‌కీ అదే సదుపాయం ఉంది. ఆ 22 ఏళ్లలో బ్రిటన్ రెండుసార్లే గెలిచింది, 1981లో, 1997లో. ఐర్లాండ్ ఆరుసార్లు. మాల్టా ఇప్పటిదాకా ఒక్కసారీ గెలవలేదు. భాష తలుపు తీసింది, లోపలికి నడిపించింది మాత్రం పాట రాసే నేర్పు. ఆర్‌టీఈ జాతీయ పోటీల్లో అప్పట్లో పాటకే పెద్దపీట. మాయో కౌంటీలోని కాసిల్‌బార్ లాంటి చిన్న పట్నాల్లో కూడా కొత్త పాటలకు అంతర్జాతీయ పోటీలు జరిగేవి. రాసేవాళ్లకు రాసి, వినిపించి, ఓడి, మళ్లీ రాసే చోట్లుండేవి.

రెండోది జ్యూరీ. 1997కి ముందు చాలాకాలం పాయింట్లన్నీ జ్యూరీల చేతుల్లోనే. 1996 దీనికి మంచి ఉదాహరణ. ఆ ఏడు బ్రిటన్ పంపిన జీనా జీ డాన్స్ పాటకు జ్యూరీలు ఎనిమిదో స్థానం ఇచ్చాయి. బయట మాత్రం అది బ్రిటన్‌లో నంబర్ వన్ అయి, అమెరికా చార్టుల్లోకీ ఎక్కింది. జనం డాన్సు చేస్తున్న పాట ఒకటి, జ్యూరీ గెలిపిస్తున్న పాట ఒకటి. నిర్వాహకులకూ ఇది కనిపించింది. 1997లో ఐదు దేశాల్లో ఫోన్ ఓటింగ్ పెట్టి చూశారు, 1998కల్లా దాదాపు అన్ని దేశాలకూ పాకింది.

మూడోది ఆర్కెస్ట్రా. దీని గురించి ఎవరూ మాట్లాడరు కానీ నాకు చాలా ముఖ్యం. 1998 దాకా వేదిక కింద లైవ్ ఆర్కెస్ట్రా ఉండేది. ప్రతి దేశం తన కండక్టర్‌ని తెచ్చుకునేది. ఐర్లాండ్‌కి నోయెల్ కెలహాన్ అనే జాజ్ పియానో వాద్యకారుడు ఉండేవాడు. 1980, 1987, 1992, 1993, 1996, ఈ ఐదు గెలుపుల్లోనూ కర్ర తిప్పింది ఆయనే. మామూలు నెమ్మది పాట రెండో చరణం తర్వాత వయొలిన్లతో ఎలా లేవాలో, చివరి పల్లవికి ఎక్కడ శ్రుతి పెంచాలో ఆయనకు చేతివేళ్ల మీద ఉండేది. 1992 పాట మళ్లీ పెట్టి వినండి. మూడో నిమిషంలో వెన్ను జలదరించేలా చేసేది గాయని ఒక్కతే కాదని మీకే తెలుస్తుంది. 1999లో ఆర్కెస్ట్రా ఎత్తేసి రికార్డు చేసిన ట్రాక్ పెట్టారు. ఐర్లాండ్‌కి ఉన్న ఈ లాభం ఆ రోజుతో పోయింది.

అదే 1999లో భాష నియమం కూడా తీసేశారు. ఎవరైనా ఏ భాషలోనైనా పాడొచ్చు. ఏమైందంటే, 1999 నుంచి 2006 దాకా గెలిచిన పాటలన్నీ ఇంగ్లీషువే: స్వీడన్, డెన్మార్క్, ఎస్టోనియా, లాట్వియా, తుర్కీ, ఉక్రెయిన్, గ్రీస్, ఫిన్లాండ్. 2004లో ఉక్రెయిన్ పాటలో కొంత సొంత భాష కలిసింది, అంతే. ముగ్గురి సొత్తుగా ఉన్నది రాత్రికి రాత్రి అందరి చేతికీ వచ్చేసింది. పైగా వీళ్లు ఇంగ్లీషుతో పాటు డాన్సర్లు, దుస్తులు, లైట్లు, డప్పులు కూడా తెచ్చారు. ఐర్లాండ్ మాత్రం స్టూలూ గిటారూ వదల్లేదు. టెస్ట్ మ్యాచ్‌లో మేటి బ్యాటర్‌ని అదే ఆటతో టీ20లోకి దింపినట్టు అయింది పరిస్థితి.

అంకెల్లో చెప్పాలంటే, 1997 దాకా 32 సార్లు పాల్గొని 7 గెలుపులు, 4 రెండో స్థానాలు. 1998 నుంచి 2025 దాకా 26 సార్లు పాల్గొని రెండుసార్లు వచ్చిన ఆరో స్థానమే గొప్ప. 2001లో 21వ స్థానానికి పడి 2002లో పోటీకి దూరం కావాల్సి వచ్చింది. 2004లో వచ్చిన ఏడు పాయింట్లూ బ్రిటన్ ఇచ్చినవే. 2007లో డెర్విష్ అనే మంచి జానపద బృందం చివరి స్థానం, ఐదు పాయింట్లు, అన్నీ అల్బేనియా నుంచే. 2013లో మళ్లీ ఐదు పాయింట్లతో చివర. సెమీఫైనల్ పద్ధతి వచ్చాక 19 సార్లు ఆ గడప దగ్గర నిలబడి 7 సార్లే దాటింది. ఒక్క ఊరట ఏమిటంటే, ఫైనల్లో సున్నా ఎప్పుడూ రాలేదు. బ్రిటన్‌కి ఆ ముచ్చట రెండుసార్లు తీరింది, 2003లో, 2021లో.

ఇప్పుడు మీరు చెప్పిన కారణాలు. పొరుగు ఓట్లు ఉన్న మాట నిజమే. నార్డిక్ దేశాలు, బాల్కన్ దేశాలు, గ్రీస్, సైప్రస్ పరస్పరం ఇచ్చుకుంటాయి. పక్క దేశాల భాష, రేడియో, పాటల రుచి కలుస్తాయి కాబట్టి అందులో కుట్ర వెతకక్కర్లేదు. వలస ఓట్లు కూడా ఉన్నాయి. పని కోసం ఐర్లాండ్‌కి వచ్చిన లిథువేనియా, లాట్వియా జనం ఐర్లాండ్ ఫోన్ల నుంచే సొంత దేశాల పాటలకు ఓట్లు గుద్దేవాళ్లు. మనవాళ్లు విదేశాల నుంచి ఆన్‌లైన్ పోటీల్లో తెలుగు కుర్రాడికి ఓట్లేయడం చూసినవాళ్లకు ఇదేం వింత కాదు. అయితే ఈ ఓట్లు పదో స్థానాన్ని ఆరో స్థానం చేస్తాయి, మహా అయితే సెమీఫైనల్ దాటిస్తాయి. కప్పు గెలవాలంటే నలుమూలల నుంచీ పాయింట్లు రావాలి. ఇంకో రుజువు: ఓటింగ్ మీద ఫిర్యాదులు పెరిగి 2009లో ఫైనల్‌కి జ్యూరీలను సగం వాటాతో తిరిగి తెచ్చారు. ఫోన్ ఓటింగే ఐర్లాండ్‌ని ముంచి ఉంటే అప్పుడు లేవాలి కదా? 2014 నుంచి 2017 దాకా వరసగా నాలుగేళ్లు ఫైనల్ ముఖమే చూడలేదు. వాటిలో ఒక ఏడు వెళ్లింది వెస్ట్‌లైఫ్ అనే పేరున్న పాప్ బృందంలోని నికీ బర్న్. పేరుంటే చాలదని ఆ ఏడు తేలిపోయింది.

ఖర్చు భయం సంగతి. ఐదేళ్లలో నాలుగుసార్లు ఆతిథ్యం ఇచ్చింది ఐర్లాండ్: 1993, 1994, 1995, 1997. చిన్న దేశపు టీవీ సంస్థకు అది బరువే. 1995 పాట ఓడిపోవడానికే పంపారన్న మాట అప్పట్లో వీధివీధినా నలిగింది, ఒక కామెడీ సీరియల్ దాని మీద ఏకంగా ఎపిసోడే తీసింది. నాకైతే నమ్మకం లేదు. ఓడిపోవాలనుకున్నవాళ్లు మరుసటి ఏడే 1996 పాట లాంటిది పంపుతారా? 1997లో సొంత గడ్డ మీద రెండో స్థానం తెచ్చుకుంటారా? జోకుగా బాగుంటుంది, అంతకు మించి విలువ ఇవ్వకండి.

పాటల్లో పస తగ్గిందా అంటే, సమస్య పాట రాసేవాళ్లలో కన్నా ఎంపికలో ఉంది. 2003 నుంచి మూడేళ్లు టాలెంట్ షో ద్వారా ఎంపిక చేశారు. అందులో జనం ఎన్నుకునేది గాయకుణ్ని, పాట చివర్లో తగిలించేవాళ్లు. ఆ తర్వాత శుక్రవారం రాత్రి వచ్చే లేట్ లేట్ షో అనే పాత టాక్ షోలో ఒక ఎపిసోడ్ దీనికి కేటాయించడం మొదలుపెట్టారు. టాక్ షో స్టూడియో చిన్నది. అక్కడ బాగున్న పాట పదివేల మంది పట్టే హాల్లో, తెర నిండా గ్రాఫిక్స్ మధ్య ఎలా కనిపిస్తుందో తెలిసే దారి లేదు. 2008లో విసుగో వెటకారమో గానీ జనం డస్టిన్ అనే టర్కీ కోడి బొమ్మను ఎన్నుకున్నారు. షాపింగ్ ట్రాలీలో కూర్చుని యూరోవిజన్‌నే ఆటపట్టిస్తూ పాడిన ఆ బొమ్మ సెమీఫైనల్లో ఇంటికొచ్చింది. మన హాస్యం మనకి నవ్వొస్తుంది, పోర్చుగల్ వాడికి ఎందుకు నవ్వు రావాలి?

దీని పక్కన స్వీడన్‌ని పెట్టి చూడండి. వాళ్లవీ ఏడు గెలుపులే: 1974, 1984, 1991, 1999, 2012, 2015, 2023. ఐర్లాండ్ రికార్డును 2023లో సమం చేశారు. ఒకే కాలంలో కుప్పగా రాలేదు, ప్రతి తరంలోనూ వచ్చాయి. దానికి కారణం మెలొడిఫెస్టివాలెన్ అనే వాళ్ల జాతీయ పోటీ. వారాల తరబడి ఊరు మారుస్తూ పెద్ద ఇండోర్ స్టేడియాల్లో జరుగుతుంది. కెమెరా కోణాలు, లైట్లు, నృత్యం అన్నీ అక్కడే ఖరారైపోతాయి. యూరోవిజన్‌కి వెళ్లేసరికి ఆ పాట పదును తేలి ఉంటుంది.

ఐర్లాండ్‌కి ఇది చేతకాదని కాదు. 2011లో జెడ్వర్డ్ కవలలు నిలువు జుట్టుతో, వేదిక నిండా గెంతులతో ఎనిమిదో స్థానం తెచ్చారు. 2018లో రయన్ ఓషాక్నెసీ, మంచు పడే దృశ్యంలో ఇద్దరు మగ డాన్సర్ల ప్రేమకథతో ఫైనల్ చేరాడు. 2001లో 21వ స్థానం వచ్చిన గ్యారీ ఓషాక్నెసీకి దగ్గరి బంధువు. ఆ డాన్స్ దృశ్యాన్ని చైనాలో ఒక ఛానల్ కత్తిరించేస్తే, నిర్వాహకులు ఆ ఛానల్‌తో ఒప్పందమే రద్దు చేసుకున్నారు.

2024 మాల్మోలో బాంబీ థగ్ చేసింది ఇంకా గట్టిది. కార్క్ కౌంటీలోని మక్రూమ్ నుంచి వచ్చారు, మిల్‌స్ట్రీట్ కూడా ఆ కౌంటీలోదే. కొవ్వొత్తుల వలయం మధ్య మంత్రగత్తెలా మొదలుపెట్టి, హెవీ మెటల్ కేకలు వేస్తూ, హఠాత్తుగా పాత సినిమా పాటంత తియ్యటి పల్లవిలోకి జారిపోతారు. నచ్చినవాళ్లకు పిచ్చిగా నచ్చింది, నచ్చనివాళ్లు టీవీ కట్టేశారు. ఈ పోటీలో పనిచేసేది అదే. పది పాటలకే పాయింట్లు కాబట్టి అందరికీ ఓ మాదిరిగా నచ్చే పదకొండో పాటకు దక్కేది సున్నా. ఆ ఏడు పూర్తిగా ప్రజల ఓట్లతో నడిచిన సెమీఫైనల్ దాటి, ఫైనల్లో 278 పాయింట్లతో ఆరో స్థానంలో నిలిచారు. జనం ఐర్లాండ్‌కి ఓటెయ్యరన్న మాటకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. 2025లో బాసెల్‌కి పంపిన పాట మళ్లీ సెమీఫైనల్లోనే ఆగిపోయింది, అంటే 2024 నుంచి నేర్చుకున్నది ఇంకా పద్ధతిగా మారలేదు.

మళ్లీ గెలుస్తుందా అని అడిగారు. టాక్ షో ఎపిసోడ్‌ని వదిలి, పెద్ద వేదిక మీద నిజమైన జాతీయ పోటీ పెట్టి, పాట రాసేవాళ్లతో పాటు వేదిక రూపకల్పన చేసేవాళ్లకూ మొదటి రోజు నుంచే డబ్బు పెడితే తొలి ఐదు స్థానాలు కష్టమేం కాదని నా అంచనా. కాకపోతే ఇప్పుడు ఆ ప్రశ్నే పక్కకు వెళ్లింది. ఇజ్రాయెల్‌ని పోటీలో కొనసాగనివ్వాలని 2025 డిసెంబరులో నిర్ణయం జరిగాక, గాజాలో ప్రాణనష్టాన్ని కారణంగా చూపి 2026 వియన్నా పోటీకి వెళ్లబోమని, ప్రసారం కూడా చెయ్యబోమని ఆర్‌టీఈ ప్రకటించింది. స్పెయిన్, నెదర్లాండ్స్, స్లొవేనియా కూడా అదే దారి పట్టాయి. కాబట్టి రికార్డులో 58 సార్లు పాల్గొని 7 గెలుపులు అన్న లెక్క ప్రస్తుతానికి అక్కడే ఆగింది.